కాస్త ఆర్డినరీగా ఉంది

ఉరంగిల్,
9 మార్చి, 1986

లోర్నా అక్కా,

ముందే చెప్పేస్తున్నాను, క్లారీ బతికే ఉన్నాడు. ఇక టీ కలుపుకుని, కుర్చీలో కూర్చుని మిగతాది చదువు.

బుధవారం పొద్దున గొర్రెల దొడ్డి దగ్గర పడిపోయాడు. కుక్క అదేపనిగా అరుస్తుంటే వెళ్ళి చూశాను. గేటు పక్కన మట్టిలో పడి ఉన్నాడు, మొహం పిండి రంగుకి తిరిగిపోయింది. గుండెపోటు. ఆంబులెన్స్ విమానం వచ్చి పెద్దాసుపత్రికి పట్టుకుపోయింది. లోపలికి ఎక్కిస్తూ నర్సు ఎలా ఉందని అడిగితే, మీ మరిది 'ఇంతకన్నా బాగున్న రోజులున్నాయిలే' అన్నాడు. తర్వాత నావైపు తిరిగి గొర్రెలు బయటికి పోకుండా గేటు వెయ్యమన్నాడు. ప్రాణం పోతున్నా గేటు సంగతి మర్చిపోని మనిషి.

ఇప్పుడు నా కోపమల్లా డాక్టరు మీద. క్లారీ అంతకు ముందు సోమవారమే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. నేను చెవి పట్టుకు లాక్కెళ్ళకుండా తనంతట తానే వెళ్ళాడంటే ఊళ్ళో గంట కొట్టాల్సిన విషయం. కోత యంత్రంలో వేలు నలిగినప్పుడు కూడా కోత పూర్తయ్యాకే కదా ఆసుపత్రి గడప తొక్కాడు. భుజం లాగుతోంది, పొట్టేలు కుమ్మిందేమో అన్నాడట. అది సరే, ఒంట్లో ఎలా ఉందని ఆవిడ అడిగిందట. 'ఈమధ్య కాస్త ఆర్డినరీగా ఉంది' అన్నాడట మనవాడు. అక్కా, క్లారీ నోట ఆ మాట వచ్చిందని తెలిస్తే మా గొర్రెలు కూడా పరిగెత్తుకెళ్ళి ఆంబులెన్స్‌కి ఫోన్ చేసేవి. ఈ మహాతల్లి మాత్రం, భుజం నొప్పి తప్ప అంతా మామూలే అని రాసుకుని, భుజానికి పూసుకునే మందిచ్చి పంపేసింది. ఇదంతా అక్కడ ముందు గదిలో కూర్చునే డల్సీ చెప్పింది. క్లారీ నాతో అన్నదల్లా 'మందిచ్చింది' అని ఒక్క ముక్క.

ఈ డాక్టరు సంగతి నీకు రాయలేదు కదూ. ఒడెట్ మార్షాన్, కెనడా నుంచి మన ఆస్ట్రేలియాకి వచ్చింది. ఇంట్లో ఫ్రెంచి, ఇంగ్లీషు బడిలో నేర్చుకుందట. చక్కగా, ఇస్త్రీ చేసినట్టు మాట్లాడుతుంది. తలుపు తగిలినా తలుపుకి క్షమాపణ చెప్పే రకం. వచ్చిన కొత్తలో నేనే శనివారం టీకి రమ్మన్నాను. చీకటి పడే వేళకి ఇంత కేకు ముక్క తీసుకుని, ఇంట్లో శుభ్రంగా భోంచేసి వచ్చింది. నేనేమో గొర్రె తొడ కాల్చి, గుమ్మడికాయ వేయించి, బల్ల నిండా సర్దాను. టీ అంటే రాత్రి భోజనమని పాపం ఎవరూ చెప్పలేదు. కక్కలేక మింగలేక మొత్తం తిన్నది. అప్పుడు జాలిపడ్డాను. ఇప్పుడు ఆ జాలి లేదు. జుట్టు ఎర్రగా నిప్పులా ఉంటుంది. ఈ ఊళ్ళో ఎర్రజుట్టు వాళ్ళందరినీ బ్లూ అనే పిలుస్తాం కదా, ఈవిడ మాత్రం ఏడాది దాటినా ఇంకా డాక్టర్‌గారే. పేరు పెట్టలేదంటే ఊరు ఇంకా తనది అనుకోలేదన్నమాటే.

ఇరవయ్యో తారీకు గురువారం ఆసుపత్రి కమిటీ మీటింగు. ఆవిణ్ణి ఇంకో రెండేళ్ళు ఉంచుకోవాలా వద్దా అని తేల్చాలి. నేను లేచి నిలబడి వద్దని చెప్తాను. అవతల మనిషి నిజంగా చచ్చేంత పనైంది కాబట్టి నా మాట ఎవరూ తీసెయ్యలేరు. ఈవిడ పోతే ఇంకో డాక్టరు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. ముసలి డాక్టరు పిమ్ పోయాక మనం ఏళ్ళ తరబడి తాళం వేసిన గది చూసుకుంటూ కూర్చున్నాం. అయినా సరే. మన మాట అర్థం కాని మనిషి మన గుండె మీద చెయ్యి వెయ్యకూడదు. నన్నెవరూ ఆపలేరు, నువ్వు కూడా ప్రయత్నించకు.

నీ తుంటి నొప్పి ఎలా ఉందో రాయి. ఎప్పటిలా 'ఫర్వాలేదు' అని గీకి పడెయ్యకు.

నీ చెల్లెలు,
నెరిడా


ఉరంగిల్,
17 మార్చి, 1986

అక్కా,

నీ ఉత్తరం అందింది. దులిపెయ్యి, నీ వెనక నేనున్నానన్నావు. హోబర్ట్‌లో కూర్చుని ఎంతమంది వెనకైనా ఉండొచ్చు. అయినా సంతోషమే. తుంటి గురించి మాత్రం మళ్ళీ ఫర్వాలేదనే రాశావు.

నాకు వెనక గోతులు తవ్వడం చేతకాదు. మీటింగులో అనబోయేది ముందు మొహం మీదే అనేద్దామని శనివారం డాక్టరు ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఆవిడ నేల మీద కూర్చుని ఆపిల్ పెట్టెల్లో పుస్తకాలు సర్దుకుంటోంది. కమిటీ పొమ్మనే లోపు తనే వెళ్ళిపోదామని నిర్ణయించుకుందట. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను తిట్టడానికి వచ్చి, ఆ పెట్టెల మధ్య నిలబడటానికి చోటు లేక, ఒక పెట్టె మీదే కూర్చోవాల్సి వచ్చింది. కూర్చున్నాక తిట్టడం కష్టం.

క్లారీని తనేం అడిగిందో, క్లారీ ఏమన్నాడో వరసగా చెప్పింది. ఒక్క మాట దాచలేదు. ఛాతీలో నొప్పి ఉందా అంటే లేదన్నాడట. ఆయాసం వస్తోందా అంటే 'గొర్రెల వెనక పరిగెత్తితే ఎవరికి రాదు' అన్నాడట. ఒంట్లో ఎలా ఉందంటే ఆర్డినరీ అన్నాడట.

"మా ఊళ్ళో రోగి ఆర్డినరీగా ఉందంటే డాక్టరు సంతోషిస్తుందండీ. అంటే రోజూ ఉన్నట్టే ఉందని" అంది.

"ఇక్కడ ఆ మాటంటే పాస్టర్‌ని పిలవమని" అన్నాను.

నవ్వలేదు. చేతిలో పుస్తకం పెట్టెలో పెట్టింది. తర్వాత చెప్పిన మాట నా మనసులో నాటుకుపోయింది. వచ్చిన కొత్తలో డల్సీ 'మా ఆయన క్రుక్' అందట. ఆవిడ వాళ్ళ దేశంలో క్రుక్ అంటే దొంగ కాబట్టి, 'అయ్యో, పోలీసులకి తెలుసా' అని అడిగిందట. డల్సీ పడీపడీ నవ్వి, జబ్బుగా ఉన్నాడని చెప్పిందట. అలా ఒక్కొక్కటీ అడిగి నేర్చుకున్నానంది.

"తెలియని మాటైతే అడుగుతానండీ. తెలిసిన మాటే ఇంకో అర్థంతో వస్తే, అడగాలని నాకెలా తెలుస్తుంది? ఇంకా ఎన్ని మాటలున్నాయో అలాంటివి. ఒక్కో మాటకీ ఒక్కో మనిషిని పోగొట్టుకుంటూ నేర్చుకోలేను నేను."

అక్కా, ఏం చెప్పను. పెట్టె మీద కూర్చుని ఆలోచించాను. అమెరికావాళ్ళు రొట్టెముక్క తిని అద్భుతం అంటారు. మనవాళ్ళు పెళ్ళిబట్టల్లో ఉన్న పెళ్ళికూతుర్ని చూసి 'ఫర్వాలేదు' అంటారు. క్లారీ నాతో అన్నది అదే, చర్చి మెట్ల మీద. నేను దాన్ని ముద్దులా దాచుకున్నాను. ప్రాణమిచ్చే స్నేహితుణ్ణి బూతులు తిడతాం, కొట్టబోయేవాణ్ణి మేట్, నేస్తం అని పిలుస్తాం. బయటివాళ్ళకి ఇదంతా తమాషా. మనకీ తమాషాగానే ఉండేది.

అక్కడి నుంచి తిన్నగా పెద్దాసుపత్రికి కారు తోలుకెళ్ళాను. క్లారీ దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు, వేలికీ మెడకీ ఏవో తీగలు. డాక్టరుతో ఏం చెప్పావని అడిగాను. ఆర్డినరీగా ఉందని చెప్పానన్నాడు. నొప్పి అని ఎందుకు చెప్పలేదంటే, అదే కదా చెప్పానన్నాడు. అసలు పొట్టేలు కుమ్మిందా అని అడిగాను.

"కుమ్మి ఉంటే బాగుండుననిపించింది" అన్నాడు.

అంటే తెలుసు, అక్కా. అది భుజం కాదని తెలుసు. తెలిసీ ఆ గదిలో కూర్చుని, ఆ పిల్ల మూడు రకాలుగా అడిగితే మూడు రకాలుగా తప్పించుకుని, పొట్టేలు మీదకి నెట్టి వచ్చాడు.

ఇప్పుడు నీకు ఎన్నడూ చెప్పని సంగతి రాస్తాను. మా పాప ఫే పోయినప్పుడు నువ్వు హోబర్ట్ నుంచి రాలేకపోయావు, గుర్తుందా. నెల నిండని పిల్ల. ఉన్ని కొట్టంలో మిగిలిన చెక్కలతో క్లారీయే పెట్టె చేశాడు. మట్టి వేశాక నా పక్కన నిలబడి, 'అదే సర్దుకుంటుందిలే, నెర్' అన్నాడు. ఆ మధ్యాహ్నమే గోధుమ చల్లడానికి వెళ్ళాడు. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఆ పిల్ల పేరు మా ఇంట్లో ఆయన నోటి నుంచి రాలేదు. నేను ఒంటరిగా ఏడ్చాను, బట్టలు ఉతికే చోట, నీళ్ళ చప్పుడులో. సర్దుకుంటుందన్నాడు కదా, నాకు మాత్రమే సర్దుకోవడం లేదేమో, నాలోనే ఏదో లోపముందేమో అనుకున్నాను. ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. ముప్పై అయిదేళ్ళు ఆ మనిషికి అన్నం పెట్టాను, ప్రేమించాను కూడా, కానీ ఆ మాటని క్షమించలేదు. డాక్టరు మీద నాకు ఒళ్ళు అంతలా ఎందుకు మండిందో ఆ మంచం పక్కన నిలబడ్డప్పుడు తెలిసొచ్చింది. ఆవిడకి క్లారీ భాష రాదని కాదు. నాకూ రాదని.

అప్పుడే చెప్పేశాను. గట్టిగా కాదు, పక్క మంచం ఆయన నిద్రపోతున్నాడు.

"ఇకమీదట నీ మాటలకి అర్థాలు వెతకను, క్లారీ. నొప్పైతే నొప్పి అను. భయమైతే భయం అను. ఫే పేరు ఎత్తు. అది చేతకాకపోతే ఇంటికొచ్చాక నీ కూర నువ్వు వండుకో."

"అక్కడ వాన పడిందా?" అన్నాడు.

లేదని చెప్పి, సంచీ తీసుకుని వచ్చేశాను. దారంతా ఏడుస్తూనే తోలాను. ఒక కంగారూ అడ్డం వస్తే దాన్నీ తిట్టాను.

మీటింగు ఎల్లుండి కాక ఆవలెల్లుండి. లేచి మాట్లాడతాననే అన్నాను, మాట్లాడతాను. చెప్పబోయేది మాత్రం వేరు.

నెరిడా


ఉరంగిల్,
20 ఏప్రిల్, 1986

ప్రియమైన అక్కా,

ఇన్నాళ్ళు రాయలేదని అలిగావని తెలుసు. నాకిప్పుడు ఉద్యోగం ఉంది, తీరిక లేదు. వరసగా చెప్తాను.

మీటింగుకి ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళందరం తలా ఒక పళ్ళెం తెచ్చాం, కొబ్బరి కేకులు బల్ల మీద కొండలా పేరుకున్నాయి, వాటి వంక చూస్తూ ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడలేదు. డాక్టరు మొదటి వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ట్రాక్టర్లు అమ్మే కీత్ రడ్జ్ ఉన్నాడు కదా, కమిటీకి ఇప్పుడు అతనే పెద్ద. లేచి గొంతు సవరించుకుని నీళ్ళు నమలడం మొదలుపెట్టాడు. డాక్టర్‌గారి మీద ఎవరికీ ఏమీ లేదన్నాడు. మంచి పిల్లన్నాడు. కాకపోతే పనే ఈమధ్య కాస్త ఆర్డినరీగా ఉందన్నాడు. ఆ మాట నోట్లోంచి జారాక గానీ ఏమన్నాడో తనకే తెలియలేదు.

డాక్టరు లేచి నిలబడింది. "కీత్‌గారూ, ఆ మాట నాకిప్పుడు తెలుసండీ. ఘోరంగా ఉందని అర్థం" అంది. అని కూర్చుంది. వెనక ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు.

నేను లేచాను. చచ్చి బతికింది మా ఆయన కాబట్టి ముందు నేనే మాట్లాడతానన్నాను. ఈ ఏడాదిలో ఆ గదిలోకి వెళ్ళి, 'నాకు నొప్పిగా ఉంది' అని ఆ మూడే మూడు మాటల్లో చెప్పినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తమన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. గొర్రెల ఉన్ని కత్తిరించే స్టాన్ పాస్కో చెయ్యి ఎత్తాడు గానీ, అందరూ తిరిగి చూసేసరికి దానితోనే తల గోక్కున్నాడు.

"ఆవిడకి మన ఇంగ్లీషు రాదన్నారు, నిజమే" అన్నాను. "మనకి మాత్రం ఏ ఇంగ్లీషు వచ్చు? చెయ్యి తెగితే గీసుకుందంటాం. చచ్చేలా ఉంటే ఆర్డినరీ అంటాం. కడుపున పుట్టింది పోతే సర్దుకుంటుందంటాం. ఆ మాటలకి ఇళ్ళల్లో భార్యలకే అర్థం తెలియక చస్తుంటే, కెనడా పిల్లకి ఎలా తెలుస్తుంది? దీన్ని పంపించి ఇంకోదాన్ని తెచ్చుకుంటే, దానికీ ఇదే చేస్తాం."

అంతమంది ముందు 'కడుపున పుట్టింది' అనేశానని తర్వాత గానీ గుర్తురాలేదు. ఫే గురించని హాల్లో అందరికీ తెలుసు. డల్సీ ముక్కు చీదుకోవడం వినిపించింది. ఆగితే ఇక మాట్లాడలేనని తెలిసి ఆగకుండా చెప్పేశాను. డాక్టరు ఉండాలి. మంగళవారాలూ శుక్రవారాలూ నేను వెళ్ళి ఆవిడ గదిలో కూర్చుంటాను. రోగి చెప్పింది వింటాను, దాని అసలు అర్థం ఆవిడకి చెప్తాను. ఎవరి గుట్టయినా నా కడుపులోనే ఉంటుంది. నేనక్కడ ఉండకూడదనుకునేవాళ్ళు చక్కగా నోరు విప్పి నొప్పి అని చెప్పుకోవచ్చు, నాకు మరీ సంతోషం.

"ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకి దుబాసీ ఏమిటి, నెరిడా?" అన్నాడు కీత్.

"నీ ట్రాక్టర్లు బాగుంటాయని నువ్వంటే, దాని అర్థం కొనేవాళ్ళకి చెప్పడానికి ఒకళ్ళుంటే బాగుండేది కాదూ" అన్నాను. అప్పుడు నవ్వారు అందరూ, కీత్ కూడా. ఆ నవ్వు సందులో వెనక నుంచి స్టాన్ పాస్కో గొంతు వినిపించింది. 'బ్లూని ఉంచుకుందాం' అన్నాడు. అక్కడక్కడ తలలు ఊగాయి. చేతులెత్తమంటే ఈసారి గోక్కోకుండానే ఎత్తారు. డాక్టరు నావైపు వంగి, బ్లూ ఎవరండీ అని గుసగుసగా అడిగింది. నువ్వే అన్నాను. నా జుట్టు ఎర్రగా ఉంది కదా అంది. అందుకే అన్నాను. ఆవిడ అప్పుడు ఏడ్చిన ఏడుపు చూసి కీత్ కొబ్బరి కేకుల పళ్ళెం తీసుకొచ్చి మొత్తం ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

అప్పటి నుంచి దుబాసీనే. ఒకాయన 'ఊరికే ఇటు పోతూ ఆగాను' అంటాడు, గోధుమ చల్లే రోజుల్లో పని వదులుకుని అరవై మైళ్ళు వచ్చాడంటే ఊరికే కాదమ్మా, చొక్కా విప్పించు అంటాను. 'మా ఆవిడ కాస్త విసుగ్గా ఉంటోంది' అంటే ఆవిడ వారం నుంచి మంచం దిగలేదని. 'ఆఁ, లేదు' అంటే లేదని, 'లేదు, ఆఁ' అంటే ఉందని. ఆవిడ నేర్చుకుంటోంది. మొన్న తలుపు తగిలితే క్షమాపణ చెప్పకుండా తిట్టింది, అదీ మన తిట్టే. ఎంత గర్వపడ్డానో.

క్లారీ ఈస్టర్ ముందు ఇంటికొచ్చాడు. నేను అన్న మాట మీదే ఉన్నాను. కూర నా వరకే వండుకున్నాను. అతను ఏమీ అనకుండా గుడ్లు ఉడకబెట్టుకుని, రొట్టె కాల్చుకుని తిన్నాడు. ఒకసారి నా పళ్ళెం వంక చూసి, వాసన ఫర్వాలేదన్నాడు. మనసు లాగింది, అక్కా. గుండెపోటొచ్చిన మనిషిని గుడ్లతో సరిపెట్టే రాక్షసిని అయిపోయాననిపించింది. అయినా గరిటె అతని వైపు తిప్పలేదు. ఇప్పుడు మెత్తబడితే మళ్ళీ అదే సర్దుకుంటుంది, అతనికి.

మొన్న శుక్రవారం అతను డాక్టరుకి చూపించుకునే రోజు. నేను నా కుర్చీలో ఉన్నాను. టోపీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా నా వంక చూడకుండా. డాక్టరు బీపీ చూసింది, గుండె విన్నది, తర్వాత ఎలా ఉందని అడిగింది. క్లారీ నోరు తెరిచాడు. ఆ మాట పెదాల దాకా వచ్చింది, నాకు కనబడింది. అర్థం చెప్పడానికి నేనున్నాను కదా అన్నట్టు నావైపు చూశాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. డాక్టరు కూడా తొందరపెట్టలేదు. బయట ఎవరిదో ట్రక్కు వెళ్ళిపోయేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం.

"భయంగా ఉంది, బ్లూ" అన్నాడు. "పడుకుంటే మళ్ళీ లేవనేమోనని భయం. ఇక్కడ నొప్పి. ఇది కొత్తది కాదు. మా ఫేని పెట్టెలో పెట్టి మేకు కొట్టిన రోజు మొదటిసారి వచ్చింది. సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు."

డాక్టరు నావైపు తిరిగింది, నేను ఇంకేమైనా అర్థం చెప్పాలేమోనని. చెప్పడానికి ఏమీ లేదమ్మా, ఆయన అన్నదే అర్థం, రాసుకో అన్నాను.

ఇంటికొచ్చే దారిలో శ్మశానం దగ్గర కారు ఆపమన్నాడు. ఇద్దరం దిగాం. ఏం మాట్లాడుకున్నామో నీకు రాయను, అది మా ఇద్దరిదీ. రాత్రికి ఇద్దరికీ కూర వండాను. తిని, చాలా బాగుందన్నాడు. ఆ మాటకి ఇద్దరం సిగ్గుపడ్డాం.

ఇక నీ సంగతి. ఈసారి ఉత్తరంలో ఫర్వాలేదు అన్న మాట కనిపించిందంటే హోబర్ట్ వచ్చి నీ గుమ్మంలో కూర్చుంటాను. నిజం రాయి, అక్కా. తుంటి ఎంత నొప్పిగా ఉంది?

నీ దుబాసీ చెల్లెలు,
నెరిడా